పద్నాలుగో నోటుపుస్తకం

బీరువా తాళం వేసినట్టే ఉంది, లోపల పద్నాలుగో నోటుపుస్తకం మాత్రం లేదు.

మాల్యాద్రి వేలితో ఒక్కొక్క అట్టనూ తాకుతూ మళ్ళీ చూశాడు. పదమూడు. పద్నాలుగోది ఉండాల్సిన చోట కలరా ఉండ ఒకటి దొర్లుతోంది. ఆ పుస్తకంలో గుచ్చి పెట్టిన సిరా పెన్ను కూడా మాయమైంది. ఇరవై రెండేళ్ళుగా వాడుతున్న పెన్ను అది. మూత దగ్గర పగిలితే వల నేసే నైలాను దారం చుట్టాడు.

ఉదయం ఆరున్నర. సాయంత్రం నాలుగింటికి నెల్లూరు నుంచి ప్రెస్సు మనిషి వస్తాడు. వచ్చే ఆదివారం బైబిలు పాఠశాల స్వర్ణోత్సవం. ఆ రోజు అక్కడ పాఠాలు చెప్పే అబ్రహాము అయ్యగారి పుస్తకం బయటికి రావాలి.

అతను బీరువా మూసి, తాళంచెవిని మొలతాడుకు కట్టుకుని, బయటికొచ్చాడు. వేపకొమ్మకు వేలాడే రైలుపట్టా ముక్కను కడ్డీతో కొట్టాడు. రోజూ పన్నెండు దెబ్బలు. పన్నెండుమంది శిష్యుల పేరున అయ్యగారు పెట్టిన లెక్క. ఇవాళ పదకొండు దగ్గర చెయ్యి ఆగిపోయింది.

సరుగుడు తోట వెనక మూడు రేకుల గదులు, ఒక ప్రార్థన మందిరం, అయ్యగారి పెంకుటిల్లు. అంతే ఆ పాఠశాల. దక్షిణాన కృష్ణపట్నం పొగగొట్టాలు, ఉత్తరాన రొయ్యల గుంటలు. గుంటల్లో నీళ్ళు చిలికే చక్రాల చప్పుడు పగలంతా వినపడుతూనే ఉంటుంది. మాల్యాద్రి అక్కడ అటెండరు. గంట కొట్టడం, గదులు ఊడ్చడం, టీ కాయడం, హాజరు పట్టీ మోయడం అతని పని.

మనిషి పొట్టి. మెడ, భుజాలు మాత్రం పడవ లాగేవాడివి. పట్టపుపాలెంలో తాతల నుంచీ చేపల వేటకు పోయే ఇల్లు. ఇతను ఒక్కడే పడవెక్కితే వాంతి చేసుకునేవాడు. తండ్రి మూడు నెలలు చూసి, తీసుకొచ్చి అయ్యగారి ముందు నిలబెట్టాడు. "వీడు నీళ్ళకు పనికిరాడయ్యా, నేల మీద ఏదన్నా పని చెప్పండి" అన్నాడు. ఆ రోజు నుంచి మాల్యాద్రి నొసటి మీద విభూతితోనే బైబిలు బడి వాకిలి ఊడుస్తున్నాడు. ఏటా కొత్త విద్యార్థులు అడుగుతారు.

"అన్నా, మా సార్లకంటే నీకే జాస్తి తెలుసు. బాప్తిస్మం ఎప్పుడు?"

"నీళ్ళలో ముంచుతామంటారు గదబ్బా. నాకు వాంతి."

నవ్వుతారు. అయ్యగారు ఒక్కసారి కూడా అడగలేదు.

అయ్యగారి చేతులకు వణుకు. రాస్తే అక్షరాలు చీమలు చెదిరినట్టు ఉంటాయి. అందుకని చెప్పేది ఆయన, రాసేది మాల్యాద్రి. వాళ్ళిద్దరికీ ఒక పద్ధతి ఉంది. ఆయన పడక్కుర్చీలో కళ్ళు మూసుకుని చెబుతాడు. మాల్యాద్రి పీట మీద కూర్చుని, కలం ముట్టుకోకుండా మొత్తం వింటాడు. ఆ తరువాత తనకు అర్థమైనట్టు పెన్సిలుతో రాసి, చదివి వినిపిస్తాడు. అయ్యగారు "ఊ" అంటేనే దాని మీద సిరా పడుతుంది. అనకపోతే చెరిపేసి మళ్ళీ రాయడమే. ఒక్క పేజీకి తొమ్మిదిసార్లు చెరిపిన రోజులున్నాయి.

అలా పుట్టిందే, ఏసు కథ చెప్పే సువార్తల పుట్టుక మీద ఈ పుస్తకం. ఏసు పోయాక చాలా ఏళ్ళు ఎవరూ ఏమీ రాయలేదు. చూసినవాళ్ళు చెప్పారు, విన్నవాళ్ళు మళ్ళీ చెప్పారు. చూసినవాళ్ళు ఒక్కొక్కరే కన్నుమూస్తుంటే రాయాల్సిన అవసరం వచ్చింది. మొదట రాసింది మార్కు అని చాలామంది పండితుల మాట. అతను ఏసును వెంబడించినవాడు కాదు. ఏసు శిష్యుడైన ముసలి బెస్త పేతురు జ్ఞాపకం చేసుకుని చెబుతుంటే రాసుకున్నాడని పాతకాలం పెద్దలు చెప్పారు. సువార్తల మీద పేర్లు కూడా తరువాత చేరినవే.

"పేతురు చెప్పినాడు, మార్కు రాసినాడు. పేరు ఎవరిదయ్యా?" అని అయ్యగారు క్లాసులో అడిగేవాడు.

"మార్కుది" అని పిల్లలు అరిచేవాళ్ళు. గుమ్మం దగ్గర టీ గ్లాసులు పట్టుకున్న మాల్యాద్రి పెదవులు కూడా కదిలేవి.

మార్కు అధ్యాయం రాసేటప్పుడు మాల్యాద్రి ఒక మాట అన్నాడు. "అయ్యా, లూకా సువార్తలో బెస్తోళ్ళు వలలు కడగతా ఉండారు. మార్కులో ఇద్దరు వల వేస్తా ఉండారు, ఇంకో ఇద్దరు పడవలో కూర్చోని వల బాగుచేసుకుంటా ఉండారు. ఒక్క రేవులో ఎవురు ఏ పని మీద ఉండారో ఇంత వివరంగా చెప్పాలంటే, ఆ రేవులో పుట్టినోడే చెప్పాల. మార్కు చెవిలో మాట్లాడింది బెస్తోడే." అయ్యగారు కళ్ళు తెరిచి అతన్ని చూశాడు. తరువాత "ఊ" అన్నాడు.

పుస్తకం అచ్చు కాకముందే, క్లాసుల్లో చెప్పిన ఆ మాటే ఆయనకు పేరు తెచ్చింది. రెండేళ్ళ కింద గుంటూరు నుంచి పెద్ద పండితులు వచ్చి, ఆ వల సంగతి మీకు ఎట్లా తట్టిందని అడిగారు. "ప్రార్థనలో వచ్చింది" అన్నాడు అయ్యగారు. మాల్యాద్రి అప్పుడు తలుపు పక్కన ట్రే పట్టుకుని నిలబడి ఉన్నాడు. టీ చల్లారిపోయిందని తరువాత తిట్లు తిన్నాడు.

అది కూడా ఓర్చుకున్నాడు. నరేంద్రబాబు వచ్చాకే ఓర్చుకోలేకపోయాడు. ముప్పై రెండేళ్ళ కొత్త లెక్చరరు. ఇస్త్రీ చొక్కా, ఒళ్ళో లాప్టాప్. రాసిన అధ్యాయాలు టైపు చేయడానికని వచ్చి అయ్యగారి పక్కన కుర్చీ వేసుకున్నాడు. అతను ఏదో అంటే అయ్యగారు పళ్ళు కనపడేలా నవ్వాడు. మాల్యాద్రి ఇరవై రెండేళ్ళలో ఆ పళ్ళు చూడలేదు. అతనికి బీరువా రెండో తాళంచెవి కూడా ఇచ్చాడు. ఆ సాయంత్రం మాల్యాద్రి ఇంటికి పోయి అన్నం ముందు నుంచి లేచిపోయాడు. "సవతి వచ్చినట్టు ఏడస్తావేంది?" అంది భార్య కామమ్మ.

పోయిన వారం ముందుమాట రాయించాడు అయ్యగారు. పాఠశాల పెద్దలకు కృతజ్ఞతలు. భార్య ఆనందకుమారికి. కంప్యూటరు సాయం చేసిన నరేంద్రబాబుకు. మాల్యాద్రి తరువాతి పేరు కోసం కలం ఎత్తిపట్టి ఆగాడు. "అంతే" అన్నాడు అయ్యగారు. మాల్యాద్రి చుక్క పెట్టాడు.

పద్నాలుగోది ఆఖరి అధ్యాయం. అందులో తెర్తియు సంగతి ఉంది. ఏసు మాట ఊరూరా చెప్పిన పౌలు రోమీయులకు ఉత్తరం చెబితే రాసిపెట్టినవాడు తెర్తియు. ఉత్తరం చివర్లో, దీన్ని రాసిన నేను కూడా మీకు వందనాలు చెబుతున్నానని ఒక్క వాక్యం తన తరఫున కలిపాడు. రెండు వేల ఏళ్ళయినా దాన్నెవరూ తీసేయలేదు. మొన్న సాయంత్రం ఆ పేరా కింద మాల్యాద్రి తానుగా ఒక్క వాక్యం రాశాడు. పెన్సిలు కాదు, నేరుగా సిరా. "ఈ పుస్తకం రాసిన పట్టపుపాలెం మాల్యాద్రి మీ అందరికీ నమస్కారం పెడుతున్నాడు."

చదివి వినిపించలేదు. నిన్న అయ్యగారికి ఆయాసంగా ఉంది. తన పేరు అచ్చులో పడే చోటు అదొక్కటే. ఇప్పుడు ఆ పుస్తకమే లేదు.

ఏడింటికి టీ తీసుకుని అయ్యగారి ఇంటికి పోయాడు. ఆయన మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. ఊపిరి ఈల వేస్తోంది. ఎప్పుడూ మేకుకు వేలాడే గుడ్డసంచి ఇవాళ మంచం మీదే, చేతి కింద ఉంది.

"అయ్యా, పద్నాలుగో పుస్తకం కనపళ్ళా."

"యాడికి పోతాదిలే."

"నాలుగింటికి ప్రెస్సాయన వస్తాడయ్యా."

అయ్యగారు గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. టీ అంచుదాకా వణికింది. "దాంట్లో ఏం రాసినావు?"

"మీరు చెప్పిందే."

"అంతేనా?"

"అంతే అయ్యా."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. "కాసేపు ఒరుగుతా, తలుపు దగ్గరికేసి పో" అన్నాడు ఆయన.

మాల్యాద్రి గదులు ఊడ్చాడు. హాజరు పట్టీ తిప్పాడు. చీపురు పట్టుకున్నా, కుండలో నీళ్ళు పోస్తున్నా ఒకటే ఆలోచన. ఇది నరేంద్రబాబు పనే. పేరు చూశాడు. అటెండరుగాడి పేరు పుస్తకంలోనా అనుకున్నాడు. చింపి రొయ్యల గుంటలో పారేసి ఉంటాడు. మధ్యాహ్నం టిఫిను డబ్బా తెరిస్తే కామమ్మ పెట్టిన సావడాయి చేపల పులుసు. ముల్లు తీయడం మరిచి నమిలాడు.

రెండున్నరకు నరేంద్రబాబు క్లాసులో ఉండగా మాల్యాద్రి స్టాఫ్ గదిలోకి పోయాడు. అతని నల్ల సంచి జిప్పు లాగాడు. నోటుపుస్తకం లేదు. అచ్చు తీసిన కాగితాల కట్ట ఉంది. పదమూడు అధ్యాయాలు. తను రాసినవి రాసినట్టే, కామా కూడా కదలకుండా. వల పేరా పక్కన పెన్సిలుతో నరేంద్రబాబు చిన్న అక్షరాలు ఉన్నాయి. "ఇది మాల్యాద్రన్న మాటే."

"ఏందన్నా వెతుకుతుండావు?"

నరేంద్రబాబు గుమ్మంలో ఉన్నాడు, చేతిలో సుద్దముక్క.

మాల్యాద్రి కాగితాలు కింద పెట్టలేదు. "పద్నాలుగో పుస్తకం ఏది సార్? నా పెన్నేది?"

"నాకు పెన్నెందుకన్నా? అంతా కంప్యూటరే, నేను పెన్ను పట్టుకొని ఆర్నెల్లయింది."

"తాళం మీ కాడ గదా ఉండేది."

"నిన్న సాయంత్రం అయ్యగారే అడిగి తీసుకున్నాడు." నరేంద్రబాబు లోపలికొచ్చి సంచి జిప్పు తనే మూశాడు. కోపం రాలేదు అతనికి. అలసినట్టు కుర్చీలో కూర్చున్నాడు. "పోయిన నెల ఆయన నా చేత రెండు పేజీలు రాయించినాడన్నా. అంతా ఆయన చెప్పింది చెప్పినట్టే కొట్టినా. చదివి వినిపించినా."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలా. ఊ కూడా అనలా. కిటికీలోంచి చూస్తా, మాల్యాద్రి టీ తెచ్చినాడా అన్నాడు."

మాల్యాద్రికి ఆ మాట మంచినీళ్ళు తాగినట్టు దిగింది. వెంటనే సిగ్గేసింది. పక్కవాడికి దక్కని ఊ కోసం తను ఇంత సంతోషపడుతున్నాడు. కాగితాలు జాగ్రత్తగా సర్ది బల్ల మీద పెట్టి, "తప్పయిపోయింది సార్" అన్నాడు.

"పోనీలే అన్నా. అయ్యగారిని అడుగు."

మాల్యాద్రి అయ్యగారి ఇంటి వైపు నడిచాడు. తాళం ఆయనే తీసుకున్నాడు. ఉదయం ఆ సంచి చేతి కింద ఎందుకుంది? నాలుగు అడుగులు వేసేసరికి నడక పరుగయింది.

ఆనందకుమారి అమ్మగారు గుమ్మంలో నిలబడి ఉంది. ఒకప్పుడు నర్సు. ఆమె చేతిలో స్టెతస్కోపు ఉంది. కళ్ళలో నీళ్ళు లేవు.

"రా మాల్యాద్రీ. అన్నం తిని పడుకున్నాడు. టీకి లేపుదామని పోయినా." స్టెతస్కోపు మడిచి పట్టుకుంది. "లేవలా."

అయ్యగారు పక్కకు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. ఆ చెయ్యి వణకడం లేదు. మాల్యాద్రి మొట్టమొదట చూసింది అదే. మంచం పక్కన తన పీట ఉంది. దాని మీద కూర్చున్నాడు. విద్యార్థులు వచ్చారు. నరేంద్రబాబు వచ్చి తలవంచుకుని నిలబడ్డాడు. నాలుగింటికి బయట ప్రెస్సు వాళ్ళ ఆటో హారను వినిపించి ఆగిపోయింది.

అమ్మగారు గుడ్డసంచి తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది. "పొద్దున నువ్వు పోయినప్పటి నుంచి ఏదో రాస్తానే ఉండాడు. నీకు తప్ప ఎవురికీ ఇయ్యొద్దన్నాడు."

నోటుపుస్తకం పైనే ఉంది. మాల్యాద్రి ఆఖరి పేజీకి తిప్పాడు. తన వాక్యం మీద అడ్డంగా రెండు గీతలు. కాగితం చిరిగేంత గట్టిగా కొట్టేశారు. దాని కిందే అదే వాక్యం మళ్ళీ ఉంది, ఒక్క మాట తేడా లేకుండా, చీమలు చెదిరినట్టున్న అక్షరాలతో. ఆ కింద పేజీ నిండా అవే చీమలు. వాటిని చదవగలిగిన మనిషి ఆ పాఠశాలలో ఒక్కడే.

"మాల్యాద్రీ, పుస్తకం తీసింది నేనే. నిన్న చివరి అధ్యాయం చూసుకుందామని బీరువా తెరిచినా. నీ పేరు కనపడింది. అడక్కుండా రాసుకున్నావే అని మండలా. పదమూడు పుస్తకాల్లో నీ పేరు లేకుండానే నువ్వే కనపడతా ఉండావు, దానికి మండింది. నలభై ఏళ్ళు పాఠం చెప్పినా. జనం మెచ్చుకున్న మాట ఒక్కటీ నాది కాదు. వల మాట ప్రార్థనలో వచ్చిందని చెప్పినానే, నువ్వు తలుపు పక్కన ఉండేది చూసే చెప్పినా. నరేంద్రతో నవ్వినా, నువ్వు చూస్తావనే. ముందుమాటలో నీ పేరు నోటిదాకా వచ్చింది, మింగినా. పేతురుకు మార్కు మీద కుళ్ళు పుట్టిందో లేదో ఎవురూ రాయలా. నాకు పుట్టింది, నేను రాస్తుండా. నీ పేరు కొట్టేసి, ఈ అధ్యాయం నా అంతట నేనే రాద్దామని కూర్చున్నా. ఒక పేజీ రాసి నాకు నేనే చదువుకున్నా. ఊ అనబుద్ధి కాలా. చింపేసినా. పొద్దున నువ్వు 'అంతే' అన్నప్పుడు, ఆ మాట నీకు నేర్పింది నేనే గదా అనుకున్నా. నీ వాక్యం కింద నా చేత్తో మళ్ళీ రాసినా, చూడు. దానికి ఊ. వల మాట నీదని ముందుమాటలో రాసి ప్రెస్సుకి పంపు. ఇంకొకటి. పెన్ను కూడా నేనే తీసినా. అది నా చేతిలో ఉంటే నీ మాదిరి వస్తాదేమో అనుకున్నా. రాలా. సంచి అడుగున ఉండాది, దారం ఊడింది, మళ్ళీ చుట్టుకో."