కెమెరాలు నేల మీద పెట్టిన రోజు

ఎస్సుమన్ మాస్టారు పోయారని తెలిసిన పూట సముద్రపొడ్డు ఊరు కేప్ కోస్ట్‌లో చేపలమ్మే ఆడవాళ్లు కూడా తలల మీది తట్టలు దించేశారు. మాటవరసకి చెప్పడం కాదు, నిజంగానే దించారు. ఊరి పేపరుకి ఆయన ఒక జీవితకాలం ఫోటోలు తీశారు మరి. ఒకసారి వంతెన తెరవడానికి మంత్రి వస్తే, "అయ్యా, తమరు కాస్త పక్కకి జరగాలి, వెనకాల మేస్త్రీ కనపడటం లేదు" అన్నారట. మర్నాడు పేపర్లో మేస్త్రీ నిండుగా పడ్డాడు, మంత్రిది భుజం ఒక్కటే పడింది. ఆ మంత్రి పేరు చెప్పమంటే ఇప్పుడు ఊళ్లో ఒక్కడూ చెప్పలేడు. మేస్త్రీ పేరు అందరికీ తెలుసు.

ఆ పేపరుకే ఫోటోలు తీసే ఎకువాకి పని నేర్పింది ఆయనే. ఆడపిల్లకి కెమెరా ఎందుకని ఆఫీసులో సగం మంది మూతులు విరుస్తుంటే, ఆయనే పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆమె తీసుకొచ్చిన మొదటి ఫోటో ఒక పడవవాడిది. మాస్టారు దాన్ని తిప్పి తిప్పి చూసి, "వీడి కాళ్లేవమ్మా?" అన్నారు.

"ముఖం బాగా వచ్చిందని దగ్గరికి వెళ్లాను మాస్టారూ."

"ముఖం వాళ్లమ్మ ఇచ్చింది. వాడు రోజంతా సముద్రం మీద నిలబడేది కాళ్ల మీద. మనిషిని గాల్లో వేలాడదీయకు, వెనక్కి జరుగు."

అప్పట్నుంచీ ఎకువా వెనక్కి జరుగుతూనే ఉంది. కాలవల్లో పడింది, ముళ్లకంపల్లో పడింది, ఒకసారి కెంకీ అనే మొక్కజొన్న ముద్దలు ఉడుకుతున్న కుండని తన్నేసి దాని యజమానురాలి చేత తిట్లు తింది. కాళ్లు మాత్రం ఎవరివీ కోయలేదు.

అంత గొప్ప మాస్టారికీ ఒక్క ఫోటో దొరకలేదు. అది ఆయన బావ ఓటూది, అంటే భార్య అరబాకి స్వయానా అన్నది. ఊళ్లో పాతకాలం నుంచీ పేటకొక యోధుల దళం ఉంది, కంపెనీ అంటారు; ఓటూ తన కంపెనీ జెండా పట్టి ఆడేవాడు. పండక్కి ఆయన జెండా విసిరితే పక్క కంపెనీల వాళ్లు కూడా పగలు మరిచి చూసేవాళ్లు. ఒక ఏడు పండగలో ఓటూ ఎవరూ ఎరగని ఎత్తు ఎగిరాడు. ఎగిరి, జెండాని కాళ్ల కిందనుంచి లాగి, దిగి, చెమటలు కక్కుతూ వచ్చి, "పడిందా బావా?" అన్నాడు.

మాస్టారికి అబద్ధం చేతకాదు. "రీలు మారుస్తున్నాను బావా. ఇంకొక్కసారి ఎగరవూ?" అన్నారు.

"మళ్లీ మళ్లీ ఎగరడానికి నేనేమన్నా కప్పనా? ఇక నీ చావుకే ఆడతాను పో. అప్పుడు తీసుకో."

"నా చావుకి నువ్వాడితే తీసేదెవరు, నీ తలకాయ!"

"అది నీ ఖర్మ."

అంతే, ఓటూ మళ్లీ జెండా ముట్టలేదు. మోకాలు పట్టేసిందని అందరికీ చెప్పేవాడు. కొంత నిజమే, మిగతాదంతా అలక. బావలిద్దరూ ఆదివారం ఆదివారం ఒకే పళ్లెంలో దంచిన దుంపల ఫుఫూ తినేవాళ్లు, ఆ మాటొస్తే మాత్రం చెరో వైపు తిరిగి కూర్చునేవాళ్లు. చివరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద కూడా మాస్టారు ఎకువాతో, "అన్నీ తీశానమ్మా. ఓటూ ఆటే దొరకలేదు" అన్నారు. ఆ మాట ఆమె గుండెలో ముల్లులా ఉండిపోయింది.

మాస్టారి అంత్యక్రియలు శనివారం పెట్టుకున్నారు. ముందురోజు ఫోటోగ్రాఫర్ల సంఘం కూర్చుంది. అధ్యక్షుడు క్వాన్సా గొంతు సవరించుకుని చెప్పాడు. చర్చిలో తీసుకునేవి తీసుకోవచ్చు. శవపేటికని కంపెనీ వాళ్లు గుడిలా కట్టుకున్న సిమెంటు ఓడ ముందు దించగానే అందరూ కెమెరాలు నేల మీద పెట్టాలి. మాస్టారు మట్టిలోకి వెళ్లేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ముట్టుకున్నవాళ్లు మళ్లీ సంఘం గడప తొక్కకూడదు. అందరూ చేతులెత్తి మాట ఇచ్చారు. ఎకువా కూడా ఎత్తింది, గర్వంగానే ఎత్తింది. ఏ పెద్ద ఆఫీసరుకి దక్కింది ఈ మర్యాద?

శనివారం పొద్దున్న ఎకువా మాస్టారి ఇంటికి వెళితే, నలుపూ తెలుపూ బట్ట కట్టుకుని కూర్చున్న అరబా గుసగుసగా అంది. "మా అన్నయ్య తెల్లారగట్ల నుంచీ మోకాలికి నూనె రుద్దుకుంటున్నాడే. అడిగితే చెప్పడు."

ఎకువాకి 'నీ చావుకే ఆడతాను' అన్న పాత మాట గుర్తొచ్చింది. పరుగున వెళ్లి క్వాన్సాని పట్టుకుంది. "ఓటూ తాత ఆడతాడేమో. కెమెరాలు కింద ఉంటే ఎలాగండీ?"

"ఆ మోకాలితోనా? కుర్చీలోంచి లేవడానికే ఇద్దరు పట్టాలి. మాట ఇచ్చావు, మాట మీద నిలబడు."

చర్చి అయింది. బాకాలు ఊదుకుంటూ ఊరంతా వెంట నడిచింది. సిమెంటు ఓడ ముందు పేటిక దించారు. క్వాన్సా ముందుకొచ్చి తన కెమెరా మెడలోంచి తీసి నేల మీద పెట్టాడు. తర్వాత ఒక్కొక్కరూ వచ్చి వరసగా పెట్టారు. పెళ్లిళ్లకీ పుట్టినరోజులకీ ఫోటోలు తీసుకుని బతికేవాళ్లు కూడా పెట్టారు. ఎకువా తనది వరస మధ్యలో పెట్టింది. బాకాలు ఆగాయి. మగవాళ్లు బాహాటంగా ఏడ్చారు. ఎకువాకీ ఏడుపొచ్చింది కానీ ఛాతీ ఉబ్బింది కూడా. ఇదీ మా మాస్టారంటే, అనుకుంది.

అప్పుడు కంపెనీ డప్పు మోగింది.

ఓడ వెనకనుంచి ఓటూ వచ్చాడు. చెప్పుల్లేవు, చేతిలో జెండా. మొదట మెల్లిగా, మోకాలిని బతిమాలుకుంటున్నట్టు వంగాడు. జెండా తల మీంచి వెళ్లింది, వీపు వెనకనుంచి వచ్చింది. డప్పు జోరందుకుంది. ముసలాయన కెమెరాల వరస పొడుగునా ఆడుకుంటూ వస్తుంటే, ఫోటోగ్రాఫర్లంతా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డారు. క్వాన్సా తన చేతుల్ని చంకల్లో దాచుకున్నాడు.

మొదటిసారి రీలు, రెండోసారి మర్యాద. మళ్లీ పోతోంది, అనుకుంది ఎకువా. మాట తప్పితే సంఘం ఉండదు, సంఘం లేకపోతే ఈ ఊళ్లో పని దొరకడం కల్ల. తప్పకపోతే ఆ ఆసుపత్రి మాట బతికినన్నాళ్లూ గుచ్చుతుంది. మాస్టారే గనక లేచే వీలుంటే, తన పేటికని తనే దాటుకొచ్చి కెమెరా అందుకునేవారు కాదూ?

"ఎకువా, వద్దు," అన్నాడు క్వాన్సా పళ్ల బిగువున.

వంగి తన కెమెరా తీసుకుంది. కంటికి ఆనించింది. అద్దం నిండా ఓటూ ముఖమే, చెమటేదో కన్నీరేదో తెలియకుండా. నొక్కబోయింది. కాళ్లేవమ్మా? వెనక్కి జరిగింది. బాకా వాడికి గుద్దుకుంది, వాడు తిట్టాడు, ఇంకా జరిగింది. కాళ్లు పట్టాయి, కింద నేల కూడా పట్టింది. ఓటూ ఎగిరాడు. ఎకువా నొక్కింది.

దిగడం మాత్రం పడినట్టే దిగాడు, ఇద్దరు పట్టుకున్నారు. రొప్పుతూ ఆమె వైపు చూశాడు. "పడిందా?"

"కడిగితే గానీ చెప్పలేను తాతా."

"వాడి శిష్యురాలివే," అన్నాడు ఓటూ.

క్వాన్సా ముఖం కందగడ్డ అయింది. "ఇంతమందిలో మాట తప్పావు. సంఘంలో నీకిక చోటు లేదు."

కుర్చీలోంచి అరబా తలెత్తింది. "పడుకున్నది ఆయనొక్కరే అనుకున్నాను క్వాన్సా. మీరందరూ కూడా పోయారా ఏంటి?"

ఏడుస్తున్న జనం అలాగే నవ్వేశారు. క్వాన్సా నవ్వలేదు.

ఆదివారం ఎకువా చీకటిగదిలో ఫిలిం కడిగింది. ఎడిటరు చూసి ఎగిరి గంతేశాడు గానీ, కింద సబ్బు ప్రకటన ఉంది కాబట్టి మోకాళ్ల దగ్గర కోద్దామన్నాడు. అయితే ఫోటో ఇవ్వనంది ఎకువా. మాస్టారితో ఇదే పోట్లాట ఏళ్ల తరబడి పోట్లాడి ఓడిన మనిషి కనక, ఎడిటరు నిట్టూర్చి సబ్బుని లోపలి పేజీకి పంపాడు.

సోమవారం పొద్దున్న ఎకువా మాస్టారి ఇంటికి వెళ్లేసరికి క్వాన్సా అప్పటికే వాకిట్లో ఉన్నాడు, చంకలో పేపరు. ఓటూ మోకాలికి కట్టుతో బల్ల మీద కూర్చున్నాడు. క్వాన్సా ఆమె వైపు చూడకుండా పేపరు అరబా ఒళ్లో పరిచాడు.

గాల్లో ఓటూ ఉన్నాడు, జెండా ఉంది. ఆయన కాళ్ల కింద నేల మీద, చివరి నుంచి చివరిదాకా, కెమెరాల వరసంతా ఉంది. ఆ వరస మధ్యలో ఒక్కచోట కెమెరా లేదు, దాని పట్టీ మట్టిలో గీసిన గీత ఉంది.

"ఈ ఫోటో లేకపోతే మేం చేసిన మర్యాద మాతోనే పోయేది," అన్నాడు క్వాన్సా. ఆ ఖాళీ మీద వేలు పెట్టాడు. "గురువారం మీటింగు. ఆలస్యం చెయ్యకు."

"నా ముఖం కాస్త నల్లగా పడింది," అన్నాడు ఓటూ.

"ఉన్నదే పడుతుంది తాతా," అంది ఎకువా.

అరబా వాళ్ల మాటలేవీ వినలేదు. ముఖం వైపు చూడలేదు, జెండా వైపు చూడలేదు. మాస్టారు ఏ ఫోటో అయినా చూసేటట్టు, ముందు అడుగునుంచి మొదలుపెట్టింది. ఓటూ పాదాల మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉంచింది.

"కాళ్లున్నాయండీ," అంది, ఆయనతోనే.