అమ్మ పక్కన నడిచే చోటు

రంజాన్ నెలలో మా ఊరి ఆడవాళ్లు తెల్లవారుజాము నమాజు అయ్యాక నేరుగా ఇళ్లకు వెళ్లరు. నమాజుకు వేసుకున్న, ఒళ్లంతా కప్పే తెల్లటి ముకెనాలు తియ్యకుండానే, మసీదు మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుని, చీకట్లోనే వరిపొలాల మధ్య రోడ్డు మీద రైలు గేటు దాకా నడుస్తారు. జంటలు జంటలుగా, చేతిలో చెయ్యి వేసుకుని. తల నుంచి మడమల దాకా అందరూ ఒకేలా తెల్లగా ఉంటారు. ఎవరు ఎవరో నవ్వును బట్టి పోల్చుకోవలసిందే.

నిరుడు దాకా అమ్మ చెయ్యి నాది. నాన్న సముద్రం అవతల కలిమంతాన్ దీవిలో పామాయిల్ తోటల్లో పనికి వెళ్లినప్పటి నుంచి ఇంట్లో మేమిద్దరమే. నేను బయట నోరు విప్పను. బళ్లో హాజరుకు కూడా చెయ్యెత్తి ఊరుకుంటాను. నడిచేటప్పుడు మాత్రం అమ్మకు అన్నీ చెప్పేదాన్ని.

ఈ ఏడు పక్కింటికి ఇస్తి కోడలుగా వచ్చింది. సముద్రపు ఒడ్డు ఊరి పిల్ల, గొంతు పెద్దది. ఉపవాసాలు మొదలైన రోజే, "తార్మి అక్కా, నాకు దారి తెలీదు" అంటూ అమ్మ చెయ్యి పట్టుకుంది. తిన్నగా పోయే ఒక్క రోడ్డుకు దారి తెలియకపోవడమేమిటి? అమ్మ కూడా సరే అనేసింది. నేను వెనక, పైనా అనే ముసలి అవ్వకు తోడు నడవాల్సి వచ్చింది. అవ్వకు చెవుడు. ముందు వాళ్ల మాటలు నాకు సగమే వినపడేవి. అమ్మ నవ్వు మాత్రం మొత్తం వినపడేది. నా పక్కన నడిచినన్నాళ్లూ అమ్మ అలా పగలబడి నవ్వగా నేను చూడలేదు. పగలంతా ఆకలికి ఓర్చుకోగలిగాను గానీ ఆ నవ్వుకు ఓర్చుకోలేకపోయాను.

ఇంట్లోనూ ఆమె మాటే.

"ఇస్తి వంకాయ కూరలో కొబ్బరిపాలు చివర్లో పోస్తుందటే."

"అయితే ఆవిడనే వచ్చి వండమను."

"అదేంటే, మిరపకాయ కొరికినట్టు మాట్లాడతావు?"

రేపు ఇస్తి కన్నా ముందే అమ్మ చెయ్యి పట్టుకోవాలని అనుకున్నాను.

మర్నాడు ఉపవాసం ముందు తినే తిండి అయ్యాక గిన్నెలు నా వంతుకు వచ్చాయి. అమ్మ ముందే వెళ్లిపోయింది. నేను ఉరుకుతూ వెళ్లి ఆఖరి వరుసలో నిలబడ్డాను. నమాజు అయ్యేసరికి మెట్ల దగ్గర ఒకటే గుంపు. నేను బయటపడేటప్పటికి జంటలు కదిలిపోయాయి. మంచులో రోడ్డు పక్కగా ఒకామె ఒంటరిగా మెల్లగా నడుస్తోంది. దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. ముకెనా అంచు వేళ్లకు తగిలింది. పచ్చదారంతో మల్లెమొగ్గలు, మూడో మొగ్గ దగ్గర నేను తప్పుకుట్టి వేసిన ముడి. నిరుడు అమ్మ కోసం కుట్టిందే. ఇంకేం అనుమానం? ఈ ఏడు నేనూ అమ్మంత ఎత్తయ్యాను. భుజం భుజానికి ఆనించి, కావాలనే మూతి బిగించుకుని నడిచాను. ఎందుకే కోపం అని అమ్మే అడగాలి.

"చెప్పులు దొరికాయా అక్కా?" అంది ఆ ముకెనాలోంచి ఇస్తి గొంతు.

అమ్మ నేను కుట్టింది తీసి ఈమెకు ఇచ్చేసింది! చెయ్యి లాక్కోవాలి. లాక్కుంటే ఏదో ఒకటి చెప్పాలి. తల వంచుకుని అలాగే నడిచాను.

"పలకవేం? సర్లే, ఇవాళైనా మీ అమ్మాయి కథలు వద్దక్కా. రోజూ రైలు గేటు దాకా అవే. వెనింగ్ ఇలా కుట్టింది, వెనింగ్ అలా రాసింది, జ్వరంలో మందు మేకకు తాగించింది! నవ్వి నవ్వి నా పక్కటెముకలు నొప్పెడుతున్నాయి."

ఇన్నాళ్లూ వాళ్లు నవ్వింది నా మీదా?

"నిజం చెప్పనా, నాకు ఒళ్లు మండుతుంది. మా అమ్మ నా గురించి పొరుగింట్లో ఒక్క మంచి మాట చెప్పగా వినలేదు. మీ పిల్లేమో నన్ను మేకను చూసినట్టు చూస్తుంది. మేకే నయం, దానికి గడ్డైనా వేస్తుంది."

నాకు నవ్వు ఆగలేదు. ముక్కులోంచి వచ్చేసింది. ఇస్తి ఉలిక్కిపడి నా ముఖంలోకి వంగి చూసింది.

"అమ్మో! నువ్వా? ఎంతసేపటి నుంచి?"

"ఇది... నేను కుట్టాను," అన్నాను. ఆమెతో నేను మాట్లాడిన మొదటి మాట అదే.

"తెలుసమ్మా తల్లీ. నాది వానకు ఆరలేదు. ఇవాళ్టికి వేసుకోమని మీ అమ్మే ఇచ్చి, తను పాతది తొడుక్కుంది. ఒక్క దారం ఊడినా మా అమ్మాయి నిన్నూ నన్నూ కలిపి ఉతుకుతుందని మరీ చెప్పింది."

ఈసారి ఇద్దరం గట్టిగానే నవ్వాం. ముందు జంట వెనక్కి తిరిగి, "పొద్దున్నే ఏంటర్రా అంత సంబరం? మాకూ కాస్త పంచండి" అంది.

రైలు గేటు దగ్గరికి వచ్చేసరికి తెల్లవారింది. అప్పుడు వెనక్కి చూశాను. అతుకుల పాత ముకెనాలో అమ్మ, పైనా అవ్వ చెయ్యి పట్టుకుని, మెడ సాచి మా వైపే చూస్తూ వస్తోంది. మా మాటలు ఆమెకు సగమే వినపడి ఉంటాయి.

"నేను చెప్పులు వెతుక్కుని వచ్చేసరికే జట్టు కట్టేశారన్నమాట," అంది అమ్మ. పెదవులు నవ్వుతున్నాయి గానీ కళ్లు ఒకసారి ఇస్తి మీదకీ ఒకసారి నా మీదకీ పోతున్నాయి. "ఏంటి అంత నవ్వులు?"

ఈ నెలంతా నా ముఖం అచ్చం అలాగే ఉండి ఉంటుంది. జాలి వేసింది.

"ఏం లేదమ్మా," అన్నాను. ఇస్తి చెయ్యి వదల్లేదు.