భూమవ్వ పటంలో నల్లకళ్లు

శంకరవ్వకు ఫోన్ అంటే గిట్టదు. కొడుకు భానుప్రసాద్‌కు ఫోన్ తప్ప ఇంకోటి పట్టదు. కోడలు నవ్యశ్రీకి ఏడో నెల రాగానే అతను మరమగ్గాలు బందుపెట్టి మరీ ఇంట్లోకి వచ్చి, పుట్టబోయే బిడ్డ కళ్ల రంగు ఫోన్ చెబుతుందని కూర్చున్నాడు. తల్లి కళ్ల రంగు ఒక గడిలో, తండ్రి కళ్ల రంగు ఇంకో గడిలో నింపాలట. ఆ గడుల్లో నలుపు లేనే లేదు. గోధుమరంగు, ఆకుపచ్చ, నీలం, అంతే. మనవాళ్లను మనుషుల్లోనే జమ చేయలేదని కాసేపు గొణిగి, ఇద్దరికీ గోధుమరంగే నొక్కాడు. నూటికి డెబ్బై ఐదు పాళ్లు గోధుమరంగు అని వచ్చింది. కింద ఇంకో రెండు వరుసలు ఉన్నాయి. డెబ్బై ఐదు చూశాక కిందికి చదివే ఓపిక ఎవరికుంటుంది?

"గింత దానికి ఫోనెందుకురా? మా దిక్కు అందరియి నల్లకండ్లే. మా అవ్వ పటం సూడు," అంది శంకరవ్వ గోడకేసి చెయ్యి చూపించి.

గోడమీద ఆమె తల్లి భూమవ్వ నల్లటి కళ్లతో చూస్తోంది. వచ్చినవాళ్లంతా ఏం కళ్లమ్మా అని మెచ్చుకుంటారు. న్యాయంగా ఆ మెచ్చుకోలు కరీంనగర్‌లో పటం కట్టిన స్టూడియో ఆయనకు చెందాలి. ఎందుకంటే భూమవ్వవి తేనె రంగు పిల్లికళ్లు. ఆ కళ్లను చూసి శంకరవ్వకు వచ్చిన రెండు సంబంధాలు వెనక్కి పోయాయి. మూడోది భూమన్న సంబంధం. ఈసారి భూమవ్వ, కంటి ఆపరేషన్ అయిందని నల్లద్దాలు పెట్టుకుని మాటముచ్చట నుంచి అప్పగింతల దాకా లాక్కొచ్చింది. ఏడాది తిరగకముందే చనిపోయింది. పటం కట్టించేటప్పుడు శంకరవ్వే దగ్గరుండి కళ్లకు నల్లరంగు పెట్టించింది. ముప్పై ఐదేళ్లుగా ఆ పటానికి తనే దండ మారుస్తోంది, ఆ కళ్లకేసి మాత్రం చూడదు.

నవ్యశ్రీ జమ్మికుంటలో పుట్టింట్లో ఆడపిల్లను కన్నది. మూడో నెలలో బిడ్డతో అత్తగారింటికి వచ్చింది. శంకరవ్వ మనవరాలి మొహం మీది గుడ్డ తొలగించి చూసి, మళ్లీ కప్పేసింది. తేనె రంగు కళ్లు.

వాడకట్టులో ఆ రంగు కళ్లున్న మనిషి ఒక్కడే ఉన్నాడు. ఇంటింటికీ నీళ్ల క్యాన్లు వేసే మొగిలి. మగ్గాలకు నూలు కండెలు చుట్టే ఆడవాళ్లు ఆ ముక్క పైకి అనలేదు. బిడ్డను చూసి, గుమ్మంలో ఉన్న క్యాన్‌ను చూసి, అయ్యో పొద్దుపోయిందని లేచి వెళ్లేవారు. భానుప్రసాద్ క్యాన్ బందుపెట్టాడు. నల్లా నీళ్లు ఒంటికి మంచివని చెప్పాడు. ఎందుకో నవ్యశ్రీకి అర్థమైంది. బిడ్డను ఎత్తుకోవడం కూడా మానేశాడు. అది ఇంట్లో అందరికీ అర్థమైంది.

శంకరవ్వకు అన్నం సయించలేదు. నోరు విప్పితే ముప్పై ఐదేళ్ల పరువు పోతుంది. విప్పకపోతే ఏ పాపం ఎరగని కోడలి కాపురం పోతుంది. రోజూ రేపు చెబుదామనుకునేది. వారం గడిచాక భానుప్రసాద్ భోజనం ముందు కూర్చుని, తల ఎత్తకుండా, "హైదరాబాద్‌ల డీఎన్ఏ పరీక్ష చేస్తరట. ఒక్కసారి చేపిద్దాం," అన్నాడు.

నవ్యశ్రీ బట్టలు సర్దుకుంది, ఆటో పిలిపించింది. బిడ్డను చంకనేసుకుని గడప దాటబోతుంటే శంకరవ్వ గోడమీది పటం దింపి, కోడలికి అడ్డంగా నిలబడింది. వెనక అట్ట పీకి ఫోటో బయటికి తీసింది. కొంగు తడిపి తుడిస్తే రంగు రాలేదు. గోరుతో గీకితే నలుపు పొలుసులుగా లేచింది. కింద నుంచి వెలిసినట్టున్న లేత కళ్లు బయటపడ్డాయి.

"మా అవ్వయి పిల్లికండ్లు! నా పెండ్లి కాదని దాసినం. దీనికి గా కండ్లే వచ్చినయ్. నా కోడలిననేటోళ్లు ముందుగాల నన్ననున్రి!" అని గుమ్మంలో నిలబడే వాడకట్టంతా వినేలా ఏడ్చేసింది.

మంచం మీదున్న ఆమె మొగుడు భూమన్న బీడీ ఆర్పాడు. "నాకెరుకే. పెండ్లిల నా కాళ్లు కడుగుతాంటే మీ అవ్వ అద్దాలు జారి పళ్లెంల పడ్డయ్. నేనే తీసిచ్చిన."

శంకరవ్వ ఏడుపు ఆగిపోయింది. "ఎరుకుండి గిన్ని దినాలు నోరెందుకు తెరువలే? పిల్ల గోస కండ్లబడలేదా?"

"నువ్వు చెప్తవని సూసిన."

ముప్పై ఐదేళ్లు ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే పరువును కాపాడుకుంటూ వచ్చారు, వారం రోజుల్లో కోడలి పరువు మాత్రం ఇద్దరికీ గుర్తు రాలేదు. శంకరవ్వకు సిగ్గేసింది.

భానుప్రసాద్ ఈలోగా ఫోన్ తీసి కింది వరుసలు చదివాడు. మొహం వెలిగింది. "గీడ రాసే ఉన్నదే! ఆకుపచ్చ పంతొమ్మిది, నీలం ఆరు. అంటే నూటికి ఇరవై ఐదుగురికి లేతకండ్లు రావచ్చు!" అంటూ బిడ్డ కోసం చేతులు చాచాడు.

నవ్యశ్రీ బిడ్డను ఇవ్వలేదు.

"అత్తమ్మ చెప్పకుంటే?" అంది. "అప్పుడు నన్ను నమ్ముదువా? నూటికి ఎంతో గది గూడ సూసి చెప్పు."

భానుప్రసాద్ నిజంగానే ఫోన్‌ వైపు చూశాడు.

నవ్యశ్రీ ఆటో ఎక్కింది. శంకరవ్వ కొడుకు వైపు ఒక్కసారి చూసి, ఫోటోను కొంగులో చుట్టుకుని చెప్పులు వేసుకుంది.

"జర జరుగు బిడ్డా, నేను గూడ వస్త," అని కోడలి పక్కన కూర్చుంది. ఆటో కదిలాక నవ్యశ్రీ అడగకుండానే బిడ్డను ఆమె ఒడిలో పెట్టింది. బిడ్డ తేనె రంగు కళ్లు విప్పి చూసింది. శంకరవ్వ ఈసారి చూపు తిప్పుకోలేదు.