జ్యూసు జట్టు, మంచినీళ్ల జట్టు

అక్కా నేనూ తోడికోడళ్లం. మగవాళ్లిద్దరూ పోయాక ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు రోజూ పండ్లరసం తాగితే రక్తంలో ఏం మారుతుందో పరీక్షిస్తాం, రమ్మని ఒక ఆసుపత్రివాళ్లు పేపర్లో వేశారు. 'ఆరోగ్యంగా' అన్న మాటకు పొంగిపోయి ఇద్దరం వెళ్లాం. అక్కను జ్యూసు జట్టులో, నన్ను మంచినీళ్ల జట్టులో వేశారు.

మర్నాడే దానిమ్మ జ్యూసు సీసాలు ఇంటికొచ్చాయి. అక్క మూత తీసి రెండు గ్లాసుల్లో పోసింది.

"నేను తాగకూడదక్కా. సంతకం పెట్టాను."

"నిన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని నేనొక్కదాన్నే గుటకలేస్తానా? నోరు మూసుకుని తాగు."

నోరు మూసుకుని ఎలా తాగాలో మాత్రం చెప్పలేదు.

మళ్లీ రక్తం ఇవ్వడానికి వెళ్లినప్పుడు డాక్టరమ్మ అడిగింది. "జ్యూసు మొత్తం తాగుతున్నారా?"

"చుక్క మిగల్చకుండా తాగుతున్నాం," అంది అక్క గొప్పగా.

"తాగుతున్నామా? ఎవరెవరు?"

విషయం తెలిసి డాక్టరమ్మ తల పట్టుకుంది. "జ్యూసు రక్తనాళాలకు మేలు చేస్తుందో, అందులోని చక్కెర కీడు చేస్తుందో తేలాలంటే తాగినవాళ్లు వేరు, తాగనివాళ్లు వేరుగా ఉండాలమ్మా. మళ్లీ మొదలుపెడదాం. అయ్యేదాకా ఒకరు వేరే ఇంట్లో ఉండండి."

తోడొచ్చిన అక్క కూతురు వెంటనే అందుకుంది. "అమ్మ నా దగ్గరుంటుంది పిన్నీ. కొన్నాళ్లేగా!"

కొన్నాళ్లేనని మా ఆయన ఆసుపత్రిలో చేరాడు. కొన్నాళ్లేనని మా చెల్లెలు ఊరు మారింది. ఆ మాట చెప్పి వెళ్లినవాళ్లెవరూ మళ్లీ మా గడప తొక్కలేదు. అక్క చూస్తే నేలచూపులు చూస్తోంది. కూతురి మాట కాదనలేక, నన్ను వదల్లేక.

గాలికి తలుపు కొట్టుకుంటేనే ఉలిక్కిపడేదాన్ని నేను. అలాంటిది లేచి నిలబడ్డాను.

"వద్దు. మా పేర్లు కొట్టేయండి."

"పిన్నీ, అమ్మకి నచ్చజెప్పాల్సింది పోయి..."

"నచ్చజెప్పను. నీ మీద బెంగతో వస్తానంటే నేనే దగ్గరుండి సాగనంపుతాను. సీసాడు జ్యూసు కోసమైతే మాత్రం పంపను."

"పదిమందికి పనికొచ్చే పరీక్షమ్మా," అంది డాక్టరమ్మ.

"కాదనను తల్లీ. విడివిడిగా ఉండేవాళ్లతో చేయించుకోండి. నా రక్తం సంగతి నేను చెబుతాను, రాసుకోండి. ఇంట్లో ఈవిడ కేకలు వినపడకపోతే అది ఎక్కడిదక్కడే గడ్డకడుతుంది."

అక్క చేతిసంచి అందుకుంది. "పదవే, ఎండెక్కుతోంది."

"అమ్మా!"

"నువ్వే రావే మా ఇంటికి. గ్లాసులకేం కరువా?"

బయట పండ్లబండి దగ్గర అక్క దానిమ్మకాయలు తట్టి తట్టి ఏరింది.

"సగం సగమేనా?" అన్నాను.

"నాకు కాస్త ఎక్కువ. నేను జ్యూసు జట్టు."