చెన్నయ్య సారు అడిగిన ప్రశ్న

ఆ వేసవిలో కరోనా రెండోసారి విరుచుకుపడి మార్కాపురంలో కాలేజీలన్నీ మళ్ళీ మూతపడ్డాయి. ఆన్‌లైన్ పాఠాలు వినేవాళ్ళు రోజురోజుకూ పలచబడుతున్నారు. పిల్లల్ని పాఠం ముందు ఎలా కూర్చోబెట్టాలో ఒకరికొకరు చెప్పుకోండంటూ డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్ శనివారం శనివారం లెక్చరర్లందరినీ ఫోన్లలోనే మీటింగుకు పిలిచేవారు.

కంప్యూటర్స్ చెప్పే సుమతికి ఆ మీటింగుల్లో మంచి పేరుండేది. పాఠం మధ్యలో ఆపి చిన్న క్విజ్ పెట్టడం అందరికీ నేర్పింది ఆమే. కామర్స్ జాన్సన్ ఉన్నట్టుండి హాజరు పిలుస్తానన్నాడు. పలకనివాళ్ళ ఇళ్ళకు ఫోన్ చేస్తానన్నాడు. చివర్లో ప్రిన్సిపాల్, "చెన్నయ్య గారూ, మరి మీరేం చేస్తున్నారు?" అని అడిగారు.

చెన్నయ్య హిస్టరీ లెక్చరర్. రిటైర్మెంటుకు దగ్గర పడ్డాడు. ఫోన్ ఎలా పట్టుకునేవాడో గానీ, తెర మీద ఎప్పుడూ ఆయన నుదురూ పైన తిరిగే ఫ్యానూ మాత్రమే కనిపించేవి.

"మామూలుగా ఫోన్ చేసి చెప్తాండా సార్. ముగ్గుర్ని నలుగుర్ని ఒకేపారి కలుపుకొని. రాచర్ల పక్క పల్లెల్లో, కొనకనమిట్ల దిక్కున వీడియో యాడొస్తాది? మాటైతే పోతాది."

"బాగానే ఉంది గానీ, పాఠం చెప్పినట్టు రుజువేది? పైవాళ్ళు స్క్రీన్‌షాట్లు అడుగుతున్నారు."

మైకు ఆపడం మరిచిపోయి ఎవరో కిసుక్కుమన్నారు.

ఆ సాయంత్రం సుమతే ఆయనకు ఫోన్ చేసింది. "సార్, పాఠం మీ గొంతుతోనే రికార్డు చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. సిగ్నల్ దొరికినప్పుడు వింటారు. మీకు స్క్రీన్‌షాటూ దొరుకుతుంది."

"ఎదురుగా పిల్లల మొహాలు లేకుంటే నాకు మాట పెగలదమ్మా. గోడకేం చెప్పేది?"

"చివర్లో ఒక ప్రశ్న అడగండి. జవాబు వాళ్ళనీ గొంతుతోనే పంపమనండి."

ఆ మాట ఆయనకు నచ్చింది. గ్రూపు తయారుచేసి, ఆయన బతిమాలితే తనూ అందులో ఉండిపోయింది సుమతి.

మొదటి పాఠం వంట చేసుకుంటూ విన్నది. మధ్యలో, "రవ్వంత ఆగండి పిల్లలూ, కూరగాయల బండి పోతాంది" అని ఆగి, బండివాడి కేక దూరమయ్యాక మళ్ళీ అందుకున్నాడాయన. బడిలో చరిత్ర అంటే ఆవులించిన సుమతి ఆయన తర్వాతి పాఠం కోసం ఎదురుచూసింది. జవాబులు మెల్లగా వచ్చేవి. ఒకదాని వెనక మేకల మెడగంటలు, ఇంకోదాని వెనక ట్రాక్టరు చప్పుడు. ప్రతి ఒక్కరికీ పేరు పెట్టి బదులు చెప్పేవాడు చెన్నయ్య. క్విజ్‌లో పిల్లలు నొక్కే గుర్తులు చూసి మురిసిపోయిన తనకు, వాళ్ళలో ఒక్కరి గొంతైనా తెలియదని ఆమెకు అప్పుడు తోచింది.

మే నెలలో ఆయన పాఠంలోకి దగ్గు వచ్చింది. జిల్లాలు ఎట్లా ఏర్పడ్డాయో చెబుతూ, ఆగి ఆగి ఊపిరి తీసుకుంటూ, చివర్లో అడిగాడు: "పంతొమ్మిది వందల డెబ్బై దాకా మనం కర్నూలు జిల్లాలో ఉంటిమి. జిల్లా మారినాక మీ ఇంట్లో ఏం మారింది? పుస్తకంలో ఉండదు. మీ అవ్వనో తాతనో అడిగి చెప్పండి."

మరునాడే ఆయన్ను ఒంగోలు ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడే పోయాడు. కాలేజీ నుంచి ఎవరూ వెళ్ళే వీలు లేకపోయింది. ఆయన భార్య శివపార్వతి ఫోన్‌లో ఏడవలేదు. "మొహం గూడా సరిగా చూపీలేదమ్మా" అని మాత్రం అంది.

ఆ శనివారం మీటింగులో అందరూ కాసేపు మౌనం పాటించారు. తర్వాత ప్రిన్సిపాల్ గొంతు సవరించుకున్నారు. "సుమతి గారూ, చెన్నయ్య గారి రికార్డింగు పద్ధతి మన రిపోర్టులో చేర్చుదాం. స్క్రీన్‌షాట్లు ఉన్నాయా?"

"ఉన్నాయి సార్" అంది సుమతి. తన గొంతు తనకే నచ్చలేదు.

గ్రూపులో పిల్లలు పెట్టిన దండాల బొమ్మల కింద, ఆ తర్వాతి వారం ఒక కొత్త రికార్డింగు వచ్చి పడింది. పంపింది భాగ్య. రాచర్ల దగ్గరి పల్లె పిల్ల, ఇంట్లో గొర్రెలు మేపుకుంటారు. సుమతి నొక్కి విన్నది.

"సార్, నేను భాగ్యను. అవ్వను అడిగినా. ఏం మారలేదంట సార్. కలెక్టరు కాడికి అప్పుడు కర్నూలుకు పోవాల, ఇప్పుడు ఒంగోలుకు పోవాల. రెండూ దూరమే అంటాంది."

పల్లెలో చెప్పిన జవాబు, ఫోన్ రాచర్లకొచ్చి సిగ్నల్ దొరికాక కదిలినట్టుంది. ఆ పిల్ల ఇంకా గ్రూపు చదివి ఉండదు. చదవకముందే తను చెప్పాలి. వెంటనే ఫోన్ చేసింది.

"మేడం! సారు విన్యాడా?" అంది భాగ్య, పలకరింపైనా లేకుండా.

"భాగ్యా, నువ్వు ఎక్కడున్నావు? పక్కన ఎవరైనా ఉన్నారా?"

"ఆటో స్టాండు కాడ ఉండా. నాయన మందులంగడికి పోయినాడు. ఏంది మేడం?"

సుమతి చెప్పింది.

"మొన్ననే గదా మేడం మాట్లాడినాడు?"

"అవునమ్మా."

"నాకు జవాబు మొదటి రోజే తెలుసు మేడం. గొర్రెల్ని ఇడిసి రాచర్లకు రాలేకపోయినా. బిన్నా, ముందే వచ్చింటే సారు వినేటోడు."

"లేదమ్మా, నువ్వు పంపినా వినే స్థితిలో లేరు సారు."

అది నిజమో కాదో సుమతికి తెలియదు. ఆసుపత్రిలో ఆయన చేతిలో ఫోన్ ఉందో లేదో ఆమె ఎవరినీ అడగలేదు.

"జవాబు సరైందేనా మేడం?"

"సరైందే" అంది సుమతి. పిల్ల ముక్కు ఎగబీల్చింది. "సారు ఏమంటాడో విందామనుకున్యా" అని ఫోన్ పెట్టేసింది.

హిస్టరీకి వచ్చిన గెస్ట్ లెక్చరర్ గ్రూపులో నోట్సు పెట్టేవాడు. ఎవరూ బదులు పలికేవారు కాదు. కాలేజీ తెరిచాక సెమిస్టరు పరీక్షలకు భాగ్య రాలేదు. సుమతి చాలాసార్లు ఫోన్ చేసింది. చివరికి ఒకరోజు వాళ్ళ నాయన ఎత్తాడు.

"పిల్ల మేతకు పోయింది మేడం. ఈ ఏడుకు సదువు చాల్లే అనుకున్యాం. మీరు అడిగినారు, అదే పదివేలు."

ఎంతో మర్యాదగా అన్నాడు. "సరేనండీ, భాగ్యను అడిగానని చెప్పండి" అని, సుమతి హాజరు తీసుకోవడానికి క్లాసులోకి నడిచింది.