లెక్కలో లేని బెత్తెడు

కత్తెరమ్మ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ తెలియదు. పరాయి దేశం వచ్చి బట్టల దుకాణం పెట్టి ఏడేళ్లయింది. తానులోంచి గుడ్డ కొలిచేటప్పుడు మీటరుకోసారి కొలబద్ద చివర ఎడమ చెయ్యి అడ్డంగా ఆనించి, ఆ చెయ్యి అవతలి అంచు నుంచి మళ్లీ కొలుస్తుంది. అంటే మీటరుకు బెత్తెడు, నాలుగు వేళ్ల వెడల్పు, కొసరన్నమాట. వాళ్ల నాన్న అలాగే కోసేవాడు, ఆయన పక్కన నిలబడి ఆవిడా అలాగే నేర్చుకుంది. చెయ్యి తనంతట తాను చేసే పని అది, ఆవిడకు తెలియను కూడా తెలియదు.

పన్ను మాత్రం తెలిసే కట్టేది. నెలాఖరున దుకాణంలో సాయంగా ఉండే మరిది బిల్లులన్నీ కూడి కాగితాలు నింపుతాడు, ఆవిడ సంతకం పెడుతుంది. ఆ దేశపు పన్నుల గురించి ఆవిడకున్న జ్ఞానమంతా ఆ సంతకమే.

ఒకరోజు పన్నుల ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. మరిది పైకి చదివాడు. కొన్న ప్రతి వంద మీటర్లలో బిల్లులకెక్కింది తొంభై మూడే. దుకాణంలో మిగిలిన సరుకు తీసేసి వేసిన లెక్కే ఇది. తక్కిన ఏడు మీటర్లూ పన్ను ఎగ్గొట్టి దొంగచాటుగా అమ్మినట్టు భావిస్తున్నాం. ఇది అందిన ఇరవయ్యో రోజు విచారణకు వచ్చి రుజువు చూపకపోతే లైసెన్సు రద్దు.

“కొంప మునిగింది వదినా. తప్పయిపోయిందని రాసిచ్చి జరిమానా కట్టేద్దాం. లైసెన్సన్నా దక్కుతుంది.”

“చెయ్యని దొంగతనం చేశానని రాసిచ్చి, రేపు ఈ బల్ల ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడను? పెట్టను గాక పెట్టను సంతకం.”

మరిది మంచివాడే గానీ, సర్కారు ముద్ర కనబడితే చాలు నోరు పెగలదు. కత్తెరమ్మది ముక్కు మీద కోపం. అయితే కోపంతో గుడ్డ దొరకదు గదా! రెండు రోజులపాటు అటకలు దులిపారు, తానులన్నీ విప్పి చుట్టారు, పాపం ఎలుకల్ని కూడా అనుమానించారు. ఏడు మీటర్లు ఎటు పోతున్నాయో అంతు చిక్కలేదు.

మూడోరోజు ఒకావిడ వచ్చి మూడు మీటర్ల పూల గుడ్డ అడిగింది. మరిది కళ్లు చిట్లించి చూస్తున్నాడు.

“వదినా, ఆగాగు. ఆ చెయ్యెందుకు పెట్టావు?”

“ఏ చెయ్యి?”

“అదిగో, అదే!”

కత్తెరమ్మ తన ఎడమ చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంది. కొన్నావిడ వెళ్లేదాకా ఆపుకుని, ఆ తర్వాత పకపకా నవ్వింది. దొంగ దొరికింది! కాస్సేపటికి నవ్వు పోయి దిగులు పట్టుకుంది.

“సరే వదినా, నమ్మేదెవరు?” అన్నాడు మరిది. “అమ్మిందంతా ఈపాటికి గౌనులూ కర్టెన్లూ అయిపోయింది. ఇంటింటికీ వెళ్లి కిటికీలెక్కి కొలుస్తామా?”

కత్తెరమ్మ ఆ సాయంత్రమే పన్ను చట్టం పుస్తకమూ ఒక నిఘంటువూ కొనుక్కొచ్చింది. ఆ భాషలో బేరమాడడం వచ్చు గానీ, చట్టం చదవడం ఎప్పుడూ ఎరగదు. మధ్యాహ్నాలు దుకాణం ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కో మాటకూ అర్థం వెతుక్కుంటూ, పూటకు అరపేజీ చొప్పున చదివింది. ఆరోరోజున కొసరు సంగతి దొరికింది. కొన్నవాళ్లకు కొంచెం సరుకు ఉచితంగా ఇవ్వొచ్చు, దానికి పన్ను లేదు. కాకపోతే ఇచ్చిన ప్రతిసారీ రాసి ఉంచాలి.

“ఊరికే ఇచ్చింది కూడా రాయాలంట! దాహానికి నీళ్లిచ్చి గుక్కలు లెక్కపెట్టినట్టుంది,” అని ఒంటికాలి మీద లేచింది. అయినా పుస్తకం మూయలేదు. చదివేకొద్దీ, అందరినీ ఒకే బద్దతో కొలుస్తున్నారు గదా అని కొంత గౌరవం కూడా కలిగింది.

పన్నెండో రోజున ఇంకో మాట దొరికింది. నోటీసు అందుకున్నవాళ్లు ఆఫీసు ఫైల్లో ఉన్న ఏ వస్తువునైనా తెప్పించి పరీక్షించమని అడగొచ్చు. ఏముంది ఫైల్లో? నోటీసు వెనకపేజీలో జాబితా ఉంది. అంతవరకూ ఎవరూ దాని మొహం చూడలేదు. పదకొండో వస్తువు దగ్గర ఆవిడ వేలు ఆగింది. “మా ఉద్యోగి మామూలు మనిషిలా వచ్చి కొన్న నీలం గుడ్డ. రెండు మీటర్లు. బిల్లు జతచేయడమైనది.”

“మరిదిగారూ, ఇస్త్రీ చొక్కా సిద్ధం చేసుకో,” అంది. “తాడో పేడో తేల్చుకునే వద్దాం.”

విచారణ గదిలో పొడుగు బల్ల, నాలుగు కుర్చీలు, ఒక అధికారి. మరిది కుర్చీ అంచున కూర్చున్నాడు. కత్తెరమ్మ వచ్చీరాని ఆ భాషలోనే, కూడబలుక్కున్నది అప్పజెప్పింది. “పదకొండో వస్తువు తెప్పించండి. కొలవండి.”

అధికారి కళ్లద్దాలు సవరించుకున్నాడు. అంతదాకా అతన్ని అలా అడిగినవాళ్లు లేరు. సీలు వేసిన కవరు వచ్చింది. అప్పుడు పట్టుకుంది ఆవిడకు భయం. అది కోసిన రోజు హడావిడిలో చెయ్యి పెట్టడం మరిచిపోయి ఉంటే? ఏడేళ్ల దుకాణం ఇప్పుడు ఆ ముక్క మీద ఆధారపడి ఉంది.

అధికారి టేపు పరిచాడు. రెండు మీటర్ల పదిహేను సెంటీమీటర్లు. మళ్లీ కొలిచాడు, అంతే వచ్చింది. కత్తెరమ్మ లేచి, మిగులు మీద తన ఎడమ చెయ్యి రెండుసార్లు ఆనించింది. అచ్చంగా సరిపోయింది.

అతను కాగితం మీద లెక్క వేసుకున్నాడు. వందకు ఏడు. కలం కింద పెట్టాడు.

“ఎందుకిస్తారు?”

“కొనుక్కున్న మనిషి ఇంటికెళ్లి కొలుచుకుంటే తక్కువ రాకూడదు. అందుకు.”

“రాయకపోవడం తప్పే.”

“తప్పే. ఇకమీదట రాస్తాను. మానెయ్యమంటే మాత్రం మానను.”

“మానెయ్యమని చట్టంలో లేదు,” అన్నాడతను.

వారం తిరక్కుండా లావుపాటి కవరు వచ్చింది. మరిది అంచు చించాడు. లైసెన్సు కొనసాగుతుందని ఒక కాగితం. దాంతోపాటు నీటుగా కత్తిరించిన నీలం పేలిక, దానికి గుండుసూదితో గుచ్చిన చీటీ: “పన్నుల ఉద్యోగులు కానుకలు పుచ్చుకోరాదు. బిల్లు ప్రకారం రెండు మీటర్లే మావి. ఇది మీది.”

మరిది పొట్ట పట్టుకుని నవ్వాడు. కత్తెరమ్మ నవ్వలేదు. పేలిక మీద చెయ్యి రెండుసార్లు ఆనించి చూసుకుంది. దారప్పోగంత కూడా తేడా లేదు. ఈ దేశంలో తనలాగా కొలిచే మనిషి ఇంకొకడున్నాడని సంతోషమేసింది.

కొత్తగా కుట్టించిన కొసరు పుస్తకం తెరిచి మొదటి పద్దు రాసింది: “తిరిగొచ్చింది, రెండు బెత్తలు.” ఇంతలో ఎవరో వచ్చి మీటరు తెల్లగుడ్డ అడిగారు. తాను విప్పి, బద్ద పెట్టి, చివర ఎడమ చెయ్యి ఆనించింది.

“మరిదిగారూ, ఒక బెత్తెడు. రాసుకో.”