నూట ముప్పై ఎనిమిది దగ్గర ఆగిన గీత

పొద్దున ఎనిమిదింటికల్లా మగ్దలీనమ్మ టీచర్ పంజగుట్ట బడికి చేరుకుని, ఏడో తరగతి గదిలో సంచీ బల్ల మీద పెట్టి, నేరుగా వెనక గోడ దగ్గరికి నడిచేది. అక్కడ జకియా అని పేరున్న పెన్సిల్ గీత మీద చూపుడువేలు ఆనించి ఒక నిమిషం నిలబడేది. ఆ తర్వాతే కిటికీలు తెరవడం, బోర్డు తుడవడం. ఆ వరస ఆమెకు జ్వరం వచ్చిన రోజుల్లో తప్ప తప్పలేదు.

ఏటా జూన్‌లో డ్రిల్లు మాస్టారు రామకృష్ణ పిల్లల్ని ఆ గోడకు నిలబెట్టి, నెత్తిన స్కేలు పెట్టి, పెన్సిల్ గీత గీసి పక్కన పేరు రాసేవాడు. ప్రోగ్రెస్ కార్డులో ఎత్తు రాయాలి కదా. బడి వదిలిపోయిన పిల్లల గీతలు అక్కడే ఉండి, వాళ్ళు ఏ ఊళ్ళో ఎంత పెరిగితే అంత పైకి జరిగేవి. వేసవిలో సున్నం వేసే మంగవ్వ ఆ గోడకు రెండు పూతలు పూసేది. తెల్లారేసరికి గీతలు మళ్ళీ తేలేవి. "పిల్లలు పెరగకుండ ఊకుంటరా" అని ఆమె బకెట్ ఎత్తుకుని పోయేది. నేతన్ అనే పిల్లవాడి గీత మాత్రం ఒకరోజు పొద్దున లేకుండా పోయింది. ఆ మధ్యాహ్నమే వాడు జ్వరంతో పోయాడని కబురు వచ్చింది.

జకియా ఎడమచేత్తో లెక్కలు చేసే పిల్ల. జవాబు రాగానే పెన్సిల్ కింద పెట్టి, చప్పుడు చేయకుండా టీచర్ వైపు చూసి నవ్వేది. పెళ్ళీ పిల్లలూ లేని మగ్దలీనమ్మకు రోజు గడవడానికి ఆ నవ్వు చాలేది. ఓ ఏడాది దసరా సెలవుల తర్వాత ఆ పిల్ల రాలేదు. ఉంటున్న గది ఖాళీ చేసి ఎటో వెళ్ళారన్నారు. టీసీ అడగలేదు, పోయొస్తానని చెప్పలేదు. చెప్పనందుకు టీచర్‌కు రెండేళ్ళయినా కోపం పోలేదు. ఆ కోపమంతా బెంగేనని ఆమెకూ తెలుసు.

అప్పటి నుంచి ప్రతినెలా ఒకటో తారీకున ఆమె టేపు తీసుకుని, తన తరగతి నుంచి మధ్యలో వెళ్ళిపోయిన పదకొండు మంది గీతలూ కొలిచి నోటుబుక్కులో రాసుకునేది. ఒక్క జకియాదే కొలిస్తే బాగుండదని మిగతా పదీ కొలిచేది, అంతే.

ఈ ఏడాది బడికి రెండు కంప్యూటర్లు వచ్చాయి. మార్కులు, హాజరు, ఎత్తు, బరువు అన్నీ ఇక అందులోనే ఎక్కించాలి. వేసవిలోగా నేర్చుకోని వాళ్ళకు తరగతి ఇవ్వనని హెడ్మిస్ట్రెస్ కమలకుమారి కుండబద్దలు కొట్టింది. తరగతి పోతే గోడా పోతుంది. యాభై మూడేళ్ళ మగ్దలీనమ్మ ఆ సాయంత్రమే అమీర్‌పేట బస్సెక్కింది.

అమీర్‌పేటలో కరెంటు స్తంభాలకూ మెట్లకూ, ఆఖరికి చెరుకురసం బండికీ జావా, ఒరాకిల్ కాగితాలే. పాంప్లెట్లు పంచేవాళ్ళు ఆమె తెల్లజుట్టు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఒకడు మాత్రం "అమ్మా, మీ అబ్బాయికా?" అన్నాడు.

"నాకే నాయనా" అని ఆమె కాగితం లాక్కుంది.

నేర్పేవాడు తబ్రేజ్. తొమ్మిదేళ్ళ కిందట ఆమె తరగతిలోనే ఏడు చదివినవాడు.

"టీచర్, మీరు బెంచీల కూసుంటే నాకు నోరెట్ల లేస్తది?"

"గోడకుర్చీ వేయించకు, అది చాలు."

ఆమె మౌస్‌ను డస్టర్ పట్టుకున్నట్టు పట్టుకునేది. బాణం గుర్తు తెర అంచుకు వెళ్ళి ఇరుక్కునేది. తబ్రేజ్ విసుక్కోలేదు. గోడ మీద తన గీత ఇంకా ఉందా అని అడిగాడు.

"ఉంది. నూట అరవై ఏడు. నాలుగేళ్ళుగా అక్కడే."

"బయోడేటాల నూట డెబ్బై రాసిన టీచర్!"

"గోడ నీ బయోడేటా చదవదురా."

ఫిబ్రవరిలో గ్రాఫులు మొదలయ్యాయి. ఎవరి లెక్కలు వాళ్ళు తెచ్చుకోమన్నాడు. అందరూ ఉద్యోగుల జీతాల పట్టికలు తెచ్చారు. ఆమె నోటుబుక్కు తెచ్చి, ఒక్క వేలితో రెండు సాయంత్రాలు కూర్చుని పదకొండు పేర్లూ ఎక్కించింది. తబ్రేజ్ చూపించిన చోట నొక్కింది. తెర మీద పది రంగుల గీతలు పైకి ఎక్కుతూ పోయాయి. పదకొండోది కొంతదూరం ఎక్కి, పడుకున్నట్టు అడ్డంగా సాగింది.

"గిది తప్పు పడ్డది టీచర్. గడి మూల పట్టుకుని కిందికి గుంజితే ఒక్కటే నంబర్ అన్నిట్ల నిండుతది. గుంజినట్టున్నరు."

నిన్న వేరే వరసలో అలాగే పొరపాటు చేసింది కాబట్టి ఆమె సరేననుకుంది. సరిచేద్దామని నోటుబుక్కు తీసింది. జూన్ నుంచి ఫిబ్రవరి దాకా తొమ్మిది చోట్ల, తన గుండ్రటి చేతిరాతలో, నూట ముప్పై ఎనిమిది. పక్కన జకియా పేరు.

మర్నాడు పొద్దున టేపు పెట్టి మళ్ళీ కొలిచింది. నూట ముప్పై ఎనిమిదే. గీత మీద ఆమె వేలు రోజూ ఆనిన చోట సున్నం మాసి, చిన్న మచ్చ కట్టింది. మిగతా పిల్లల గీతల్ని ప్రతినెలా వెతుక్కోవాల్సి వచ్చేది. జకియాది మాత్రం చెయ్యి చాస్తే భుజం ఎత్తున దొరికేది. దొరుకుతోందని ఇన్నాళ్ళూ ఆమె సంబరపడింది. "ఏం టీచర్‌నే నేను" అని నుదురు గోడకు ఆనించి చాలాసేపు ఏడ్చింది.

టీచర్ అడగ్గా శుక్రవారం నమాజు తర్వాత తబ్రేజ్ మసీదు దగ్గర వాకబు చేశాడు. జకియా తండ్రి దిలావర్ ఎర్రగడ్డ రైతుబజారు బయట అల్లం వెల్లుల్లి బండి పెట్టుకున్నాడని తెలిసింది. టీచర్ వెళ్ళేసరికి బండి దగ్గర తల్లి గజాలా ఉంది. వెనక గోనెసంచుల మీద జకియా ముడుచుకుని నిద్రపోతోంది.

"ఎప్పుడు జూసినా పండుకునే ఉంటది టీచరమ్మా. పద్నాలుగేండ్లకే ముసలమ్మ లెక్క అయింది. బద్ధకం!"

జకియా లేచింది. ముఖం ఉబ్బి, గొంతు బొంగురుపోయి ఉంది. టీచర్‌ను గుర్తుపట్టి, తల దించుకుంది.

"ఎందుకు చెప్పకుండా పోయావే?"

"చెప్తె మీరు పోనియ్యరనుకున్న టీచర్. మీరు పొమ్మన్నా ఏడ్పొస్తుండె."

మగ్దలీనమ్మ కోపమంతా ఆ బజార్లోనే దిగిపోయింది. తల్లినీ కూతురినీ ఆటో ఎక్కించి సోమాజిగూడలో పిల్లల డాక్టరు వసుమతి దగ్గరికి తీసుకెళ్ళింది.

"పెరగడం ఎప్పుడు ఆగింది?" అని డాక్టరు అడిగితే గజాలా బిక్కముఖం వేసింది. టీచర్ సంచీలోంచి అచ్చు తీయించిన గ్రాఫు తీసింది. "జూన్‌లో."

"ఎవరు గీశారిది?"

"నేనేనండీ. ఇంకా నేర్చుకుంటున్నాను. కొలతలు మాత్రం మా బడి గోడవి."

"గోడవైతే నమ్మొచ్చు" అని డాక్టరు రక్తపరీక్షకు రాసింది. వారానికి తేలింది, థైరాయిడ్ గ్రంథి పని మానేసింది. మాత్రలు మానకుండా వేయాలి, మళ్ళీ పెరుగుతుంది. ఇంకో ఏడాది ఆలస్యమైతే తాను చేయగలిగింది పెద్దగా ఉండేది కాదని డాక్టరు చెప్పింది.

గజాలా కూతురి తలను ఒళ్ళోకి లాక్కుంది. "బద్ధకం అని కొట్టిన గద బిడ్డా" అంది.

మాత్రలు మొదలయ్యాక జకియా ఎర్రగడ్డలోనే బడికి పోసాగింది. పంజగుట్టకు రోజూ రావడం కుదరదు. పేరు మళ్ళీ హాజరుపట్టీలో రాసుకోవచ్చని మగ్దలీనమ్మ లోపల్లోపల ఆశపడింది. పైకి మాత్రం దగ్గర బడే మంచిదంది. కంప్యూటర్ పరీక్ష పాసై తరగతి నిలబెట్టుకుంది. మార్చి ఒకటిన నూట ముప్పై ఎనిమిది ఎక్కించింది. ఏప్రిల్ ఒకటినా అంతే.

ఏప్రిల్ నెల మధ్యలో ఒకరోజు పొద్దున, అలవాటుగా సంచీ పెట్టి, గోడ వైపు చూడకుండానే వేలు చాచింది. వేలి కింద మచ్చ ఉంది. గీత లేదు.

నేతన్ గుర్తొచ్చాడు. తల ఎత్తడానికి ధైర్యం చాలక, వేలు తియ్యకుండా అలాగే నిలబడి ప్రభువా ప్రభువా అనుకుంది. చివరికి చూసింది. మచ్చకు గోరంత పైన, మాయని సున్నం మీద, సన్నటి పెన్సిల్ గీత. పక్కన జకియా పేరు.

ఒకటో తారీకు కాకపోయినా ఆమె వెళ్ళి కంప్యూటర్ తెరిచింది. మర్నాటి నుంచి చెయ్యి కాస్త పైకి ఎత్తాల్సి వచ్చింది.